కుక్కలూ పిల్లులూ కురిసే వాన కోసం బొబ్బిలికి

ఇంగ్లీషు జాతీయం ఒక్కటి, ఇంగ్లీషు తల్లిపాలతో తాగిన మనిషి నోటి వెంట వినాలని శ్రీకాకుళం నుంచి బొబ్బిలి దాకా రైల్లో పోయి వచ్చినవాడు నాకు తెలిసి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే కావడం వల్ల ఈ యాత్ర రాయవలసి వచ్చింది. కాశీ వెళ్ళినవాళ్ళు గంగ తెస్తారు. నేను బొబ్బిలి వెళ్ళి ఒక గొడుగు పోగొట్టించి వచ్చాను, అదీ నాది కాదు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. నాకు జాతీయాల పిచ్చి. జాతీయమంటే మాటలు ఒకటి చెబుతుంటే అర్థం ఇంకొకటి చెప్పే పలుకుబడి. మనం గొంతులో వెలక్కాయ పడిందంటే నిజంగా వెలక్కాయ కోసం గొంతు వెతకం కదా, అలాంటిది. ఈ పిచ్చి ఎంతవరకు పోయిందో ఒక్క ఉదాహరణ చెబితే చాలు. ఆ మధ్య మా ఊరి నుంచి బదిలీ అయిపోతున్న ఒక ఆఫీసరుగారికి సన్మానపత్రం ఇంగ్లీషులో రాసే పని నామీద పడింది. 'టు సీ ది బ్యాక్ ఆఫ్' అన్న జాతీయాన్ని సరిగ్గా ఆ వారమే నేర్చుకున్నాను. సగమే నేర్చుకున్నాననడం న్యాయం. ఎవరైనా వెళ్ళిపోతున్నప్పుడు వాడతారని చదివాను గాని, ఎలాంటివాడు వెళ్ళిపోతే వాడతారో చదవలేదు. తమ వీపు చూసే భాగ్యం కలిగినందుకు మేమంతా ఎంతో సంతోషిస్తున్నామని అచ్చువేయించి, అద్దం కట్టించి, సభలో గొంతెత్తి చదివాను. పీడ విరగడైందని దాని అసలు అర్థం. ఆఫీసరుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. ఆయన ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషు లాంటిదే కాబట్టి బతికిపోయాను.

ఆ అనుభవం తర్వాత బుద్ధి రావలసింది. పలక వచ్చింది. బడి వరండాలో పాత చెక్కపలక ఒకటి పడి ఉంటే దానికి మసీ జిగురూ కలిపి నేనే నల్లరంగు పూశాను. పైన 'దినమొక జాతీయం' అని రాశాను. రోజూ ఒక ఇంగ్లీషు జాతీయం, కింద తెలుగులో అర్థం, ఆ కింద ప్రయోగం. పిల్లలు దాని ముందు నిలబడి గట్టిగా వల్లించి గాని తరగతుల్లోకి పోకూడదు. 'ఒన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఎప్పుడో ఒకసారి. 'వైట్ ఎలిఫెంట్' అంటే మేపలేని సొత్తు. మా పిల్లలు కాఫీ హోటలుకు దారి ఇంగ్లీషులో చెప్పలేరు గాని, తెల్ల ఏనుగుని ఏ సందర్భంలో తోలాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

ఆ పలక మీద మా తెలుగు పండితులు జగన్నాథంగారి కన్ను పడింది. అక్కడ రోజుకో తెలుగు సామెత ఉండాలని ఆయన పట్టు. జగన్నాథంగారు మా వీధిలోనే, మా ఇరుగు. మంచివారు. ఒక్కటే ఇబ్బంది, ఆయన పుస్తకంలా మాట్లాడతారు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఛందస్సు తప్పిందేమో చూసుకుని అడుగుతారని వీధిలో చెప్పుకుంటారు.

"మీరు ఈ పలకపై వ్రాయునవి ఆంగ్లేయులు నిజముగా పలుకుదురా? లేక మీరును, గైడు వ్రాసినవాడును కలిసి పుట్టించినవా?" అన్నారు ఒకరోజు స్టాఫురూములో.

"పలుకుతారు" అన్నాను.

"విన్నారా?"

ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న నేను ఇంగ్లీషు మాతృభాషగా గల మనిషితో ఒక్కసారైనా మాట్లాడలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. స్టాఫురూములో అందరికీ కూడా అప్పుడే తట్టింది.

హెడ్మాస్టరుగారు విసిగిపోయి, "మీ ఇద్దరూ ఎక్కడికైనా పోయి తేల్చుకు రండి. సోమవారం నాటికి ఆ పలక దగ్గర ఒక్కరి చేతిలోనే సుద్దముక్క కనబడాలి" అన్నారు. దానితో పందెం కుదిరింది. ఇంగ్లీషు మాతృభాషగా గల మనిషి, ఎవరూ అందించకుండా, తనంతట తాను, నేను పలక మీద రాసినవాటిలో ఒక్క జాతీయం పలికితే పలక నాది. లేకపోతే ఆయనది. ఇక అలాంటి మనిషి ఎక్కడ? బొబ్బిలి దగ్గర మిషను బంగళాలో ఒక కెనడా దొరసానమ్మ ఉన్నారనీ, మందులిస్తారనీ మా మేనత్త కొడుకు చెప్పి ఉన్నాడు. అరవై ఎనిమిదో సంవత్సరం, మంచి వానాకాలం. వానాకాలం నాకు కలిసొచ్చింది. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోతగా కురవడం. వాన పడుతుంటే ఏ ఇంగ్లీషు మనిషైనా ఆ మాట అనకుండా ఎంతసేపు ఉండగలడు?

ఆదివారం దొరసానమ్మ ప్రార్థనలో ఉంటారు కాబట్టి శనివారం సెలవు చూసుకుని బయలుదేరాం. శ్రీకాకుళం వాళ్ళకి రైలు కావాలంటే ముందు ఆమదాలవలస పోవాలి. తొలి బస్సు పట్టుకుంటే పొద్దుటి పాసింజరు అందుతుంది. రెండో బస్సు నమ్ముకుంటే రైలు వీపు కనబడుతుంది, ఈ జాతీయం నేనిక్కడ సరిగ్గానే వాడుతున్నాను. జగన్నాథంగారు చంకలో గొడుగు, చేతిలో రాగిచెంబు, భుజాన పులిహోర మూటతో నాకంటే ముందే బస్సులో ఉన్నారు. ఆ గొడుగు మామగారు పెట్టినది. వెదురు పిడి, దాని మీద చెక్కిన చిలక ముక్కు.

టిక్కెట్ల కిటికీ దగ్గర ఆయనే ముందుకు వంగారు.

"బొబ్బిలికి రెండు చీటీలు దయచేయుడు."

లోపలి మనిషి ఆవులింత మధ్యలో ఆపి, "ఏటండీ?" అన్నాడు.

"చీటీలు."

"చీటీలు సావుకారు దగ్గర కడతారండి. ఇక్కడ టికెట్లే."

నేను వెనకనుంచి డబ్బులు అందించి టిక్కెట్లు తీసుకున్నాను. మూడో తరగతి పెట్టెలో ఎక్కేవారికి ఒక సలహా: ఇంజనుకు వీపు పెట్టి కూర్చోండి, బొగ్గునలుసులు ఎదుటివాడి కంట్లో పడతాయి. నేను ఈ సలహా జగన్నాథంగారికి ఇవ్వలేదు. పొందూరు చేరేసరికి ఆయన ఒక కన్ను మూసుకుని ప్రయాణం చేస్తున్నారు.

పొందూరులో బెస్తవాళ్ళ మనిషి ఒకావిడ ఎండుచేపల గంప ఎక్కించి మా కాళ్ళ దగ్గర దింపింది. జగన్నాథంగారు పులిహోర మూటని పై బల్ల మీదికి మార్చి, రెండో కన్ను కూడా మూసుకుని, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏటి బావూ, వాసనేస్తందా?" అందావిడ నాతో. "సముద్రం ఇంటి పేరు మాది. ఏటి సేస్తాం. ఎక్కడిదాకా ఎల్తన్నారు?"

"బొబ్బిలి."

"పెళ్ళికా?"

"కాదు. ఒక దొరసానమ్మ ఇంగ్లీషు మాట్లాడితే వినడానికి."

ఆవిడ నన్నూ, మూసిన కళ్ళ జగన్నాథంగారినీ కాసేపు మార్చి మార్చి చూసింది. "ఇనేసి?"

"ఇనేసి వచ్చేస్తాం."

"మా మావ కూడా ఇలాగే, పన్నేనప్పుడు గాలికి వల కడతాడు" అని గంప మీద చెయ్యి వేసుకుని కునుకు తీసింది. చీపురుపల్లిలో దిగుతూ, "మీ గుడ్డి అయ్యోరిని జాగర్తగా దింపండి బావూ" అంది. జగన్నాథంగారు రెండు కళ్ళూ ఒకేసారి తెరిచారు.

ఆవిడ మాటలేవీ అప్పుడు నా చెవికి ఎక్కలేదు. నా చెవులు రెండూ ఇంగ్లీషుకి రిజర్వు చేసి ఉన్నాయి.

విజయనగరంలో దిగి రాయపూర్ వైపు పోయే పాసింజరు పట్టాలి. మధ్యలో రెండు ఇడ్లీలకీ ఒక కాఫీకీ సరిపడా వ్యవధి ఉంటుంది. స్టేషను ఎదుటి హోటల్లో అల్లం చట్నీ బాగుంటుంది, కాఫీకి మాత్రం ఆశ పెట్టుకోకండి. జగన్నాథంగారు హోటలు మెట్టు ఎక్కరు. ప్లాట్‌ఫారం మీద పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, తూర్పుముఖంగా పులిహోర తిన్నారు. నాకూ ఒక ఉండ పెట్టారు. ఇడ్లీల కంటే అదే బాగుంది, కాని పందెం నడుస్తుండగా పొగడడం మంచిది కాదని ఊరుకున్నాను.

గజపతినగరం దాటేసరికి వాన మొదలైంది. దొంకినవలసలో గట్టిపడింది. బొబ్బిలిలో దిగేసరికి ఆకాశానికి చిల్లు పడింది. ఈ యాత్రలో నేను పూర్తిగా సంతోషంగా ఉన్న అరగంట అదే. జట్కాలో కూర్చుని, గుర్రం తోక మీదుగా వానని చూస్తూ, "కురవనీ, కురవనీ" అనుకున్నాను. దారి పక్కన చూరు కింద ఒకాయన పనసదుంగని తొలుస్తున్నాడు. వీణ బుర్రకి. జట్కావాడు అదేమీ వింత కానట్టు అటు చూడనుకూడా లేదు.

మిషను బంగళా వరండాలో మందుల కోసం వచ్చినవాళ్ళు బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు. మేమూ చివర కూర్చున్నాం. ఇక్కడ నా అదృష్టం చూడండి. బయట కుండపోత. వరండాలో, తలుపు పక్కన, రెండు కుక్కలు. వాటి మధ్య ఒక పిల్లి. మూడూ చలికి ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. మనకోసం దేవుడు బొమ్మ గీసి పెట్టి పేరు ఒక్కటి రాయడం మరిచిపోతే ఎలా ఉంటుంది, అలా ఉంది.

మా వంతు వచ్చింది. దొరసానమ్మ బయటికి వచ్చారు. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు ముడి, నేత చీర. నేను లేచి నిలబడి, దారి పొడుగునా సాధన చేసిన గుడ్ మార్నింగ్ అన్నాను.

"ఏటి బాబూ, ముద్దయిపోనారు గదా! కూకోండి, కూకోండి. ఏటి జబ్బు?" అన్నారావిడ.

నేను కూర్చోలేదు. నోరు తెరిచిన మనిషి కూర్చోలేడు.

జగన్నాథంగారు నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు. "ఈయనకు ఆంగ్లము. చాలకాలముగా నున్నది."

ఆవిడ ఆయనని ఒక క్షణం చూసి పకపకా నవ్వారు. "ఈరు పురాణం సెప్పే అయ్యోరా?"

నేను తేరుకుని ఇంగ్లీషులో నా గురించి చెప్పుకున్నాను. ఆవిడ శ్రద్ధగా విని తెలుగులో సమాధానమిచ్చారు. మళ్ళీ ఇంగ్లీషులో అడిగాను. మళ్ళీ తెలుగే. మంచినీళ్ళ బావిలో చేద వేసినట్టు నేను ఇంగ్లీషు వేస్తుంటే తెలుగు వస్తోంది. చివరికి వానని నమ్ముకున్నాను. ఆకాశం వైపు చూపించి, ఇవాళ వాతావరణం గురించి తమ అభిప్రాయమేమిటి అన్నాను, ఇంగ్లీషులోనే. అంతకంటే అందిస్తే పందెం పోతుంది.

ఆవిడ వానని చూశారు. తలుపు పక్కన కుక్కల్ని చూశారు. పిల్లిని చూశారు. నేను చెవి ముందుకు పెట్టాను.

"గట్టిగా కొడతాది బాబూ, సాయంత్రం దాకా. సూడండి, రోజూ కొట్టుకు సస్తాయి ఈ మూడూ. వానొస్తే అందరూ సుట్టాలే" అన్నారు.

జగన్నాథంగారు ఉత్తరీయంలో దగ్గారు. అది దగ్గు కాదు.

ఆవిడ లోపలికి పోయి మాకు ఆతిథ్యం తెచ్చారు. నాకు పాలగ్లాసు. జగన్నాథంగారి ముందు మాత్రం అరటిపళ్ళు పెట్టి, "పండుకి మడి నేదు గదండి, తొక్క మీరే తీసుకోండి" అన్నారు. ఆయన ముఖంలో మొదటిసారి గౌరవం కనిపించింది. నాకు మాత్రం పాలని చూడగానే పలక మీద రాసిన ఇంకో జాతీయం గుర్తొచ్చింది. 'క్రయింగ్ ఓవర్ స్పిల్ట్ మిల్క్.' ఒలికిన పాలకి ఏడవడం, అంటే చేజారినదానికి వగచి లాభం లేదని. అందించకూడదన్నారు గాని ఒలకబోయకూడదని షరతులో లేదు. నా మోచెయ్యి బల్ల అంచున ఉన్న గ్లాసుకి తగిలింది. తగిలించానని జగన్నాథంగారు ఇప్పటికీ అంటారు.

పాలు వరండా అంతా పారాయి. నేను పశ్చాత్తాపం నిండిన మొహంతో ఆవిడ పెదవులకేసి చూశాను. మూలనుంచి పిల్లి లేచి వచ్చింది.

"పోన్లెండి బాబూ. దాని కడుపుకి రాసిపెట్టి ఉన్నాది" అన్నారు దొరసానమ్మ.

నేను ఓడిపోయాను. ఇంక దాచడమెందుకని మేము వచ్చిన పని తెలుగులో మొత్తం చెప్పేశాను, పలక సంగతితో సహా. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

"నేను ఈ దేశం వచ్చిన కొత్తలో తెలుగు నేర్సుకుందారని ఎంత పడ్డాననుకున్నారు! సదువుకున్నోడల్లా నాతో ఇంగ్లీసే మాటాడీవోడు. ఒక్కడు తెలుగు ముక్క రానిచ్చీవోడు కాడు. అందరికీ నా మీద ఇంగ్లీసు సాము సెయ్యడమే. ఆకరికి ఈ మందులకొచ్చే ఆడోళ్ళు నేర్పినారు. అప్పుడే అనుకున్నాను, నాకు తెలుగొచ్చిన్నాడు ఈలెవులికీ ఇంగ్లీసు ఇవ్వకూడదని. ఉజ్జోగాల పరీచ్చలకెల్లే కుర్రోళ్ళు ఇప్పటికీ వస్తారు, ఇంగ్లీసు మాటాడండమ్మా అని. నేను ఏటి నాయనా అంటాను."

"మరి ఇంటి దగ్గర, మీ దేశంలో, వాన పడితే కుక్కలూ పిల్లులూ అంటారా?" అన్నాను ఆఖరి ఆశతో.

ఆవిడ నిజంగానే ఆలోచించారు. "మా అమ్మమ్మ అనీదేమో. మాకు వాన కన్నా మంచెక్కువ. వానొస్తే, వానొస్తంది అంటాం."

వెళ్ళేటప్పుడు నా నాలుక చూసి, జలుబు పట్టేలా ఉందని ఏవో మాత్రలు ఇచ్చారు. ఆంగ్లానికి మాత్రం మందు లేదన్నారు.

బొబ్బిలి స్టేషనులో తిరుగు బండి కోసం కూర్చున్నప్పుడు జగన్నాథంగారి ముఖం చూడవలసింది. "సోమవారము నుండి పలకపై మొదటి సామెత యేది వ్రాయవలెనని యోచించుచున్నాను" అన్నారు. నేను ఒక మాత్ర నోట్లో వేసుకున్నాను. నాకు పలక పోవడం కంటే, దానికి రంగు పూసినప్పుడు గోళ్ళలో పట్టిన మసి ఇంకా పోలేదే అన్నది ఎక్కువ బాధగా ఉంది. ఆ బాధలోనే ఒక మాట తట్టింది.

"పండితులుగారూ, నా ఇంగ్లీషు ఇంగ్లీషువాళ్ళే మాట్లాడరని తేలింది. మరి మీ తెలుగు తెలుగువాళ్ళు మాట్లాడతారా? ఆమదాలవలస చేరేలోగా ఒక్క మనిషి, పుస్తకంలోలాగా, ఒక్క మాటయినా జారకుండా మాట్లాడితే పలక మీదే. లేకపోతే పలక మళ్ళీ మధ్యలోకి వస్తుంది."

ఆయన చిరునవ్వు నవ్వారు. "అంగీకరించితిని. ఆ ఒక్క మనిషిని నేనే. నేను మనిషిని కానా?"

రెండో పందెం కూడా వేసిన నిమిషంలోనే పోయిందని అర్థమైంది. 'ఔట్ ఆఫ్ ది ఫ్రయింగ్ పాన్ ఇంటు ది ఫయర్.' పెనం మీంచి పొయ్యిలోకి. ఇది మనవాళ్ళూ అంటారు, పడిన ప్రతివాడూ అంటాడు.

బండి రద్దీగా వచ్చింది. మా బల్ల మీద అప్పటికే ఒకాయన, ఆయన పక్కన దుప్పటి చుట్టిన వీణ కూర్చుని ఉన్నాయి. వీణకి కిటికీ సీటు. విజయనగరంలో ఎవరికో అప్పగించడానికి తీసుకుపోతున్నాడట. మనుషులు ఎంత ఒరుసుకున్నా అతను పట్టించుకోలేదు గాని, జగన్నాథంగారి గొడుగు నుంచి నీళ్ళు కారడం చూసి లేచి నిలబడ్డాడు.

"బాబ్బాబు, ఆ గొడుగు అటెట్టండి! ఈణకి సెమ్మ తగిలితే నా కొంప మునుగుతాది."

"ఇచ్చట వేరు చోటు లేదు గదా?"

"ఏటంటన్నారు ఈరు?" అన్నాడతను నాతో.

"చోటు లేదంటున్నారు" అన్నాను, అనువాదం చేస్తూ.

"కిటికీ అవతల తగిలించండి, నీరోడిపోతాది."

న్యాయంగానే ఉంది. జగన్నాథంగారు వీణ మీదుగా ఒంగి, కిటికీ ఊచకి చిలక ముక్కు తగిలించి గొడుగు బయట వేలాడదీశారు. ఆ తర్వాత ఆయన జాగ్రత్త చూస్తే నాకే ముచ్చటేసింది. వేరుశనగకాయలవాడు వస్తే, "కొన్ని కాయలు ఒసంగుము" అన్నారు. వాడు "వసంతమ్మ ఎవులండి?" అని పెట్టె అంతా చూశాడు. గజపతినగరంలో ఒక రైతు, బండి ఎందుకాగిందని అడిగితే, "ఎదురు బండి వచ్చుచున్నది కాబోలు" అన్నారు. రైతు భక్తిగా దణ్ణం పెట్టాడు. ఆయన నావైపు చూసి కనుబొమలెగరేశారు. ఇంకా విజయనగరం కూడా రాలేదు. నేను మూడో మాత్ర నోట్లో వేసుకున్నాను.

వాన వెలిసింది. బండి వేగం అందుకుంది. ఒక వంతెన దాటుతుంటే పెట్టె ఒక్క కుదుపు కుదిపింది. చిలక ఎగిరిపోయింది.

"ఓలమ్మో! నా గొడుగు! నా గొడుగు పోనాదర్రా!"

పెట్టె అంతా ఒక్కసారి తిరిగి చూసింది. నేను కూడా ఎవరా అని చూశాను. జగన్నాథంగారు సగం మనిషి వీణ మీద, సగం కిటికీ మీద ఉన్నారు. "అదిగో! సేలో పడ్డాదిరా! ఒరే ఆపండర్రా, మా మావ సంపేస్తాడు!"

ఎవరూ గొలుసు లాగలేదు. అందరూ కిటికీ ఊచలకి తలలు ఆనించి చూశారు. గొడుగు విచ్చుకుని, నారుమళ్ళ మీద రెండు పల్టీలు కొట్టి, ఒక గట్టు మీద బుద్ధిగా నిలబడింది. దూరంగా నాట్లు వేస్తున్న మనుషులు నడుములెత్తి దానివైపు నడుస్తున్నారు.

రైతు అన్నాడు, "పోనాదంటే పోనాదే అయ్యోరూ. ఎవుడో తడిసినోడికి దక్కుతాది." తర్వాత నా వైపు వంగి, "ఈరు మనూరోళ్ళేనేటి! నానింకా ఏ దేశపోళ్ళో అనుకున్నాను" అన్నాడు.

జగన్నాథంగారు కూర్చున్నారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఒక్క మాటయినా జారకూడదన్న షరతు గొడుగుతో పాటే చేలో పడింది. చాలాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డాను. నవ్వుతున్నారు. "మా అమ్మ మాట అది. పదేళ్ళయి నా నోటికి రాలేదు" అన్నారు. ఆ మాట పుస్తకంలోంచి రాలేదు.

విజయనగరంలో బండి మారాక ఆయన నిద్రపోయారు. నేను మేలుకుని ఉన్నాను. చెవుల మీది రిజర్వేషన్ ఎత్తేశాక పెట్టెలో ఎన్ని మాటలు వినబడ్డాయో చెప్పలేను. గాలికి వల కట్టే మావ. వానకి చుట్టాలయ్యే పగవాళ్ళు. పాలు రాసిపెట్టి ఉన్న పిల్లి కడుపు. పొద్దుట్నుంచీ జనం జాతీయాలు వెదజల్లుతూనే ఉన్నారు, నేను వాటిని తొక్కుకుంటూ జాతీయాల కోసం బొబ్బిలి పోయి వచ్చాను. ఈ దారిన మీరెవరైనా వెళ్తే టిక్కెట్టు డబ్బులకి అవన్నీ ఉచితం. గొడుగు మాత్రం లోపల పెట్టుకోండి.

సోమవారం హెడ్మాస్టరుగారు, "ఎవరు గెలిచారండీ?" అంటే ఇద్దరమూ ఓడిపోయామని చెప్పాం. పలక చెరి మూడు రోజులన్నారు. తొలి మూడు నావి. ఆ రోజు నేను ఇంగ్లీషు రాయలేదు.

'నా గొడుగు పోనాది! అర్థం: చేజారినదానికి ఏడ్చి లాభం లేదు. ప్రయోగం: లెక్కల్లో తొమ్మిది మార్కులొచ్చాయి, గొడుగు పోనాది.'

పిల్లలు అలవాటు ప్రకారం గట్టిగా వల్లించారు. జగన్నాథంగారు వరండా చివర నిలబడి మొత్తం విన్నారు. వారం తిరిగేసరికి తెల్ల ఏనుగుకి పట్టని అదృష్టం దానికి పట్టింది. బంతి గోడ దాటితే గొడుగు పోనాది. మధ్యాహ్నం గంట ఆలస్యమైతే గొడుగు పోనాది. జీతాలు ఈ నెల కూడా ఆలస్యమని కబురొస్తే హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి, "గొడుగు పోనాదండీ" అన్నారు.

ఇక నా కసి ఎప్పుడు తీరిందంటే, ఒక మధ్యాహ్నం. స్టాఫురూములో నేనూ జగన్నాథంగారూ మాత్రమే ఉన్నాం. ఆయన చేతిలోంచి ముక్కుపొడుం డబ్బా జారి, మూత ఊడి, కొత్త పొడుమంతా నేలపాలైంది. ఆయన దానివైపు కాసేపు చూశారు. నిట్టూర్చారు.

"గొడుగు పోనాది" అన్నారు.

నేను కుర్చీలోంచి లేచాను. తెలుగు మాతృభాషగా గల మనిషి. ఎవరూ అందించలేదు. తనంతట తాను. పలక మీద నేను రాసిన జాతీయం.

తొలి పందెం షరతుల్లో ఒక్కటీ తప్పలేదని ఆయనకి కూడా అదే క్షణంలో తెలిసింది. తలెత్తి నా వైపు చూసి, పొడుం ఎత్తుకోవడానికి వంగారు. నేను బల్ల మీంచి సుద్దముక్క ఎత్తుకుని వరండాలోకి నడిచాను.